జీవితాంతం ఒక్కటే హ్యాండ్‌గన్ అనుకుంటే ఏది కొనాలి?

పెన్నాతీరం (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మాది నెల్లూరు. పదకొండేళ్లు ఎదురుచూశాక మొన్న ఫిబ్రవరిలో గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. ఇంట్లో నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప.

తుపాకీ సంగతి మేమిద్దరం ఏడాదిగా మాట్లాడుకుంటున్నాం. చివరికి ఒక మాట మీదికొచ్చాం: కొంటే ఒక్కటే, మళ్లీ ఇంకోటి అనకూడదు. నాకిప్పుడు 41. ఇంకో పాతిక ముప్పై ఏళ్ల తర్వాత కూడా అదే పెట్టెలో అదే తుపాకీ ఉండాలి, అప్పుడు తీసినా ఇప్పటిలాగే పనిచేయాలి. నెలకోసారి రేంజ్‌కెళ్లి ఇద్దరం కాలుస్తాం. నడుముకు పెట్టుకుని తిరిగే ఉద్దేశం లేదు. తాళం పెట్టెతో కలిపి వెయ్యి డాలర్లు అనుకున్నాం.

గ్రీన్‌కార్డు వచ్చాక రెండు క్లాసులకెళ్లా. ఒకాయన కళ్లు మూసుకుని .357 రివాల్వర్ కొనుక్కో అన్నాడు. ఇంకొకాయన ప్లాస్టిక్ ఫ్రేము ఉండే గ్లాక్ 19 పిస్టల్ తప్ప వేరేది ఆలోచించొద్దన్నాడు. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా కాలుస్తున్నవాళ్లే. నా మనసు మాత్రం ఇనుము వైపే, అంటే రివాల్వర్ వైపే లాగుతోంది. మీరేమంటారు?

గోదారిగట్టు (హ్యూస్టన్)

స్వాగతమండీ. మీ మనసు సరైన వైపే లాగుతోంది. నాలుగంగుళాల బ్యారెల్, స్టెయిన్‌లెస్ స్టీలు, .357 మాగ్నమ్. ఇంకేం చూడక్కర్లేదు.

ఎందుకో చెప్తాను. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు 1899లో మిలిటరీ అండ్ పోలీస్ అని .38 స్పెషల్ రివాల్వర్ తెచ్చారు. తర్వాత దాన్నే మోడల్ 10 అన్నారు. అరవై లక్షలకు పైగా చేశారు. మా రేంజ్‌లో ఒక పెద్దాయన తన తండ్రి పోలీసు ఉద్యోగంలో వాడినదాన్ని ఇప్పటికీ తెచ్చి కాలుస్తాడు. పిడి దగ్గర నీలం రంగు పూర్తిగా పోయి వెండిలా తేలింది, చెక్క మీద గళ్లు అరిగి నున్నగా అయ్యాయి. లోపల మాత్రం గడియారమే. మీరు అడిగిన "జీవితాంతం" అన్నది అందులో కళ్లముందు కనబడుతుంది.

.357 ఎందుకన్నానంటే అందులో .38 స్పెషల్ కూడా కాలుతుంది. మీ ఆవిడ గారు మెత్తటి .38తో నేర్చుకుంటారు, మీకు కావాలంటే మాగ్నమ్ ఉండనే ఉంది. తుపాకీ ఒక్కటే, తూటా రెండు రకాలు. పిస్టల్‌లోలా తూటాలు నింపే మ్యాగజైన్ డబ్బా పోయిందన్న బాధ లేదు, మ్యాగజైన్ స్ప్రింగ్ బిగిసిందా వదులైందా అన్న దిగులు లేదు.

నా దగ్గరున్నది రూగర్ జీపీ100. 1980ల మధ్యలో వచ్చిన డిజైను. బరువు కిలో దాటుతుంది, ఆ బరువు వల్లే చేతిలో ఎగిరిపడదు. దాని ఫ్రేముకు పక్క మూత ఉండదు. చాలా రివాల్వర్లలో పక్క పలక విప్పి లోపలి యంత్రం తీస్తారు. ఇందులో ట్రిగ్గర్ గార్డుతో సహా కిందినుంచి ఊడొస్తుంది. గోడలు రెండువైపులా గట్టిగా ఉంటాయి. తూటాలుండే గుండ్రటి సిలిండర్ కూడా ముందు, వెనక, కింద మూడుచోట్ల పట్టు మీద ఉంటుంది.

వరంగల్‌బిడ్డ (ఆస్టిన్)

అన్నా, రివాల్వర్ మంచిదే, కాదంటలేను. కానీ "ఇనుము అంటే ఎక్కువ కాలం, ప్లాస్టిక్ అంటే తక్కువ కాలం" అనే లెక్క తప్పు.

గ్లాక్ 17 వచ్చింది 1982ల, ఆస్ట్రియా ఆర్మీ కోసం. 19 వచ్చింది 1988ల. అంటే ప్లాస్టిక్ ఫ్రేము సంగతి తెలుసుకునేటందుకు మనకు నలభై ఏండ్ల పైచిలుకు అనుభవం ఉన్నది. అప్పటి ఫ్రేములు ఇప్పటికీ కాలుస్తున్నరు. అయినా దెబ్బ తినేది ఫ్రేము కాదు. పైన ముందుకు వెనకకు కదిలే స్లైడు ఇనుమే, బ్యారెల్ ఇనుమే, ప్లాస్టిక్‌ల దిగేసిన పట్టాలు గూడ ఇనుమే.

అసలు ముచ్చట ఇది. మొత్తం 34 భాగాలు. ఏ భాగమైనా పోయిందనుకో, కొత్తది కొని, ఒక పిన్ను పంచ్‌తోని ఇంట్ల కూసొని మార్చుకోవచ్చు. సానబెట్టేది లేదు, ఆకురాయితోని గీకేది లేదు. రివాల్వర్ల సిలిండర్‌ను తిప్పే ముక్క, దాన్ని హ్యాండ్ అంటరు, అది అరిగి టైమింగ్ పోతే, అంటే సిలిండర్ సరైన చోట ఆగకపోతే, ఆ పని చేతిపని తెల్సిన గన్‌స్మిత్ చెయ్యాలె. అసొంటోళ్లు ఇప్పుడే దొరుకుతలేరు, ముప్పై ఏండ్ల తర్వాత ఎవరుంటరు? మూడో తరం గ్లాక్ పేటెంట్ల గడువు అయిపోయింది, ఇప్పుడు ఎంతోమంది వేరే కంపెనీలోళ్లు గూడ దానికి స్లైడ్లు, బ్యారెళ్లు, చిన్న భాగాలు అన్నీ చేస్తున్నరు. రేపు కంపెనీ మూతపడ్డా నీ తుపాకీ నడుస్తది.

జీవితాంతం అంటే విరగకపోవుడు ఒక్కటే కాదన్నా. విరిగినప్పుడు బాగు చేసుకునే దారి గూడ ఉండాలె.

కొత్తబాపట్ల (చికాగో దగ్గర)

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. నేను హెచ్1బీ మీద ఉన్నా. నాలాంటివాళ్లు కొనొచ్చా? స్నేహితుడు సిటిజన్, వాడి పేరు మీద కొని నా దగ్గర పెట్టుకోమంటున్నాడు.

కొండపల్లిబొమ్మ (ఒహాయో)

ఆ పని చేయొద్దు తమ్ముడూ, దయచేసి. హెచ్1బీ నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో జనం ఎక్కువగా వాడేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. దాని మీద పైగా మీ రాష్ట్రం నియమాలు వేరే ఉంటాయి. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరునడిగి, ఆయన రాతపూర్వకంగా చెబితేనే కదులు.

స్నేహితుడి పేరు మీద కొనడం ఇంకా పెద్ద తప్పు. షాపులో నింపే ఫారం 4473లో మొట్టమొదట అడిగేదే, నిజంగా కొంటున్నది నువ్వేనా అని. అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం. వాడికి జైలు, నీకు దేశంలో చోటు పోతుంది. పదేళ్లుగా లైన్లో నిలబడ్డది దీనికోసం కాదు కదా.

కొత్తబాపట్ల

అర్థమైంది అన్నా. వాడికి ఇప్పుడే చెప్పేశా వద్దని.

కొండపల్లిబొమ్మ

ఇక అసలు విషయానికొస్తా. నేను మెకానికల్ ఇంజినీర్ని, పాత రివాల్వర్లు విప్పి చూడటం నాకిష్టమైన పని. గోదారిగట్టు గారితో చాలావరకు ఏకీభవిస్తా గానీ, రివాల్వర్ అరగదు అన్న అభిప్రాయం కొత్తవాళ్లకు కలగకూడదు.

స్మిత్ మోడల్ 19 కథే చూడండి. 1955లో బిల్ జోర్డన్ అనే బోర్డర్ పెట్రోల్ అధికారి కోరిక మీద, .38కి సరిపోయే మధ్యరకం ఫ్రేములో .357 ఇరికించారు. మోయడానికి బ్రహ్మాండంగా ఉండేది. అయితే ఆ ఫ్రేములో బ్యారెల్ వెనక భాగం, అంటే సిలిండర్ నుంచి బుల్లెట్ దూకి దిగే నోరు, దాన్ని ఫోర్సింగ్ కోన్ అంటారు, సిలిండర్‌ను పక్కకు తెరిచే క్రేన్‌కు జాగా ఇవ్వడానికి కింది వైపు చదునుగా చెక్కాల్సొచ్చింది. అక్కడ లోహం పల్చన. పోలీసులు .38తో సాధన చేసినంతకాలం ఏమీ కాలేదు. 125 గ్రెయిన్ల తేలిక బుల్లెట్, దట్టంగా మందు ఉన్న మాగ్నమ్ రౌండ్లతోనే సాధన మొదలుపెట్టాక సరిగ్గా ఆ పల్చటి చోట పగుళ్లొచ్చాయి. దానికి జవాబుగా 1980 ప్రాంతంలో కాస్త పెద్ద ఎల్-ఫ్రేము తెచ్చారు, 586, 686 అవే. కాబట్టి .357 కొంటే ఎల్-ఫ్రేము గానీ జీపీ100 గానీ కొనండి, 90 శాతం .38 కాల్చండి. మీ మనవరాలి దాకా వస్తుంది.

పాతది కొనేటట్టయితే షాపులోనే చూడాల్సినవి చెప్తా. ముందు సిలిండర్ తెరిచి ఖాళీ అని మీరు చూడండి, షాపతను చూడాలి, మళ్లీ మీరు చూడాలి. తర్వాత మూసి, సుత్తిని బొటనవేలితో చాలా మెల్లగా వెనక్కి లాగండి. సుత్తి పట్టు పడేలోపే సిలిండర్ టక్కుమని తాళం పడాలి. సుత్తి ఆగాక కూడా సిలిండర్ ఇంకాస్త తిరగాల్సి ఉంటే టైమింగ్ పోయినట్టే. సిలిండర్‌లోని ఆరు తూటా గదులకూ ఇలాగే చూడాలి, ఒక్కోసారి అయిదు బాగుండి ఆరోది చెడి ఉంటుంది. ఆపైన సిలిండర్‌ని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి, కదలిక కంటికి తెలిసిపోయేంత ఉంటే వదిలేయండి. చివరగా బ్యారెల్ నోటికి పైన ఫ్రేము కింది అంచు మీద టార్చి వేయండి. నిప్పు కోసిన సన్నటి గీత ఉంటే కంగారు పడొద్దు, అది కొంతలోతు వరకు వచ్చి ఆగిపోతుంది. ఫోర్సింగ్ కోన్ మీద వెంట్రుకవాసి పగులున్నా మాత్రం ఎంత చవకైనా వద్దు.

గోదారిగట్టు

కొండపల్లి గారు చెప్పింది నిజం. నేను కూడా ఒకటి చెప్పాలి, నా రివాల్వర్ గొప్ప మాత్రమే చెప్పి ఊరుకుంటే పెన్నాతీరం గారికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఆరేళ్ల కిందట రేంజ్‌లో, అప్పటికి నా దగ్గరున్న వేరే రివాల్వర్, వందో రౌండు దాటాక బిగుసుకుపోయింది. ట్రిగ్గర్ రాదు, సుత్తి లేవదు, సిలిండర్ తెరుచుకోదు. నిండా తూటాలున్నాయి. గొట్టం టార్గెట్ వైపే పెట్టి రేంజ్ ఆఫీసర్‌ని పిలిచాను. ఆయన అరచేత్తో సిలిండర్‌ని మెల్లగా నొక్కి తెరిచాడు. కారణం ఏమిటంటే కాలిన తూటాల ఖాళీ డొప్పల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు రేకు ఉంటుంది కదా, దాని కింద కాలని పొడి గింజలు, నువ్వుగింజలో సగం కూడా ఉండవు, రెండో మూడో ఇరుక్కున్నాయి. అంతే. దాంతో రేకు పైకి లేచి సిలిండర్ వెనక ఫ్రేముకు రాసుకుంది.

తప్పు నాదే. ఖాళీలు తోసేటప్పుడు గొట్టం నేలవైపు ఉంచేవాణ్ణి, పొడి అంతా ఆ రేకు కిందికి జారేది. గొట్టం ఆకాశం వైపు ఎత్తి, అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొడితే ఖాళీలతోపాటు పొడి కూడా కిందికి రాలిపోతుంది. ఇప్పుడు నా సంచిలో పాత టూత్‌బ్రష్ ఎప్పుడూ ఉంటుంది, యాభై రౌండ్లకొకసారి ఆ రేకు కింద ఒక్కసారి తిప్పుతాను.

ఇంకోటి. .38 ఎక్కువగా కాలిస్తే సిలిండర్ గదిలో, పొట్టి .38 డొప్ప ఆగే చోట, నల్లటి కట్టు ఉంగరంలా పేరుకుంటుంది. తర్వాత .357 దూర్చబోతే సగంలో ఆగుతుంది. ఇత్తడి బ్రష్షుతో ఎప్పటికప్పుడు తోమాలి.

సుబేదార్‌తాత (గుంటూరు)

బాబూ, నేను సైన్యంలో ఆయుధాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా 28 సంవత్సరాలు చేసి వచ్చినవాణ్ణి. ట్రైనింగు సికింద్రాబాదులో. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు, వాడి ద్వారా ఈ చర్చలు చదువుతుంటాను. అక్కడి షాపుల సంగతి నాకు తెలియదు గానీ చేతి తుపాకీ ఎలా ముసలిదవుతుందో తెలుసు.

మా సైన్యంలో ఉండేది 9ఎంఎం 1ఏ పిస్టలు, ఇషాపూర్‌లో చేస్తారు. దాని మూలం బ్రౌనింగ్ హై-పవర్. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టాడు, ఆయన 1926లో పోయాక బెల్జియంలో సైవ్ అనే ఆయన పూర్తి చేశాడు, 1935లో బయటికొచ్చింది. పదమూడు రౌండ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో ఇంగ్లిస్ వాళ్లు చేసిన నమూనా మన దగ్గరికొచ్చింది. నేను యూనిట్‌లో చేరేటప్పటికి కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో ఉన్న పిస్టళ్లే నేను పెన్షన్‌కొచ్చేటప్పటికీ ఉన్నాయి. నంబర్లతో సహా గుర్తు.

అవి అన్నాళ్లు ఎలా నిలిచాయంటే గట్టి ఇనుమని కాదు. ప్రతిదానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఎన్ని కాల్చారు, ఎప్పుడు స్ప్రింగ్ మార్చారు, ఎప్పుడు గేజ్ పెట్టి చూశారు, అన్నీ అందులో ఉంటాయి. ఏ దేశంలో చేసిన పిస్టలైనా ముందు పోయేవి అవే: స్లైడును మళ్లీ ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్, కాలిన డొప్పను లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, తూటాను పట్టి ఉంచే మ్యాగజైన్ పై అంచులు, వాటిని పెదవులంటాం. జవాను చేతిలోంచి మ్యాగజైన్ సిమెంటు నేల మీద పడితే పెదవి ఒకవైపు వంగుతుంది, కంటికి కనబడదు, ఆ తర్వాత రౌండు సరిగ్గా ఎక్కదు. పిస్టలు చెడిందంటారు. పిస్టలు చెడదు, మ్యాగజైన్ మార్చాలి. అందుకే మ్యాగజైన్లకు రంగుతో నంబర్లు వేసేవాళ్లం, ఆగిన ప్రతిసారీ ఏ నంబరుతో ఆగిందో రాసేవాళ్లం.

నూనె మాట. కొత్తవాళ్లు నూనెలో ముంచుతారు. రాజస్థాన్‌లో ఉన్నప్పుడు చిందీతో తుడిచి దాదాపు పొడిగా ఉంచాలి, లేకపోతే ఇసుక పట్టి బంక అవుతుంది. అస్సాంలో వానాకాలం అదే పిస్టలుకు రోజూ పల్చటి పూత ఉండాల్సిందే. మీ ఊరి గాలి ఎలాంటిదో చూసి చేయండి.

ఇంకొక్క మాట. ఆ గ్లాక్ పిస్టలు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలని మా అబ్బాయి చూపించాడు. మ్యాగజైన్ తీశాక బ్యారెల్ వెనకున్న తూటా గదిలోకి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి చూసి, అప్పుడు నొక్కాలి. అన్నం తిన్నంత అలవాటుగా ప్రతిసారీ చేయాలి. మీరు కూర్చుని విప్పే గదిలో అసలు తూటాలే ఉండకూడదు.

వరంగల్‌బిడ్డ

సుబేదార్ సాబ్, నమస్తే. మీరు చెప్పిన పుస్తకం ముచ్చట ఇక్కడ పదిమందిల ఒక్కరు గూడ చెయ్యరు.

పెన్నాతీరం అన్నా, ఒక లెక్క చూడు. నెలకు ఇద్దరు కలిసి రెండు వందల రౌండ్లు అనుకో. ఏడాదికి 2,400. పాతికేండ్లకు 60,000. నేను 9ఎంఎం పెద్ద డబ్బాల లెక్కన కొంటే రౌండుకు పాతిక సెంట్లు పడుతున్నది. అంటే పదిహేను వేల డాలర్లు. తుపాకీ ఖర్చు అండ్ల ఒక మూలకు గూడ రాదు. .38 అయితే నాకు దాదాపు రెట్టింపు అయితది. సొంతంగా తూటాలు నింపుకుంటే వేరే ముచ్చట.

ఆ అరవై వేలకు, ఐదు వేలకొక్కటి చొప్పున పన్నెండు రికాయిల్ స్ప్రింగులు. ఒక్కోటి ఇరవై డాలర్ల లోపే. పెట్టుడు పది సెకన్ల పని. పన్నెండూ ఇయ్యాల్నే కొని పెట్టెల పడేసుకున్నా నీ జీవితానికి సరిపోతయ్.

కొండపల్లిబొమ్మ

లెక్క బాగుంది. అదే లెక్కలో 1911 అనే పాత అమెరికా సైన్యం పిస్టల్ ఎందుకు అనట్లేదో కూడా చెప్తే నయం, ఎవరో ఒకరు అడుగుతారు. నాకు ప్రాణం ఆ పిస్టలంటే. 1911 మార్చిలో ఆరువేల రౌండ్ల పరీక్ష తట్టుకుని సైన్యంలో చేరింది, 1985లో బెరెట్టా వచ్చేదాకా అధికారికంగా ఉంది. అయినా జీవితంలో ఒక్కటే తుపాకీ, అదీ మొదటిది అంటే నేను చెప్పను. దాని ఎక్స్‌ట్రాక్టర్‌కు వంపు చేత్తో సరిచేయాలి, కొత్త భాగం పెడితే చాలాసార్లు ఆకురాయి పట్టాలి. ఆ పని నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు అది.

మల్లెపందిరి (ఫీనిక్స్)

నేను నర్సుని, ట్రామాలో పదిహేనేళ్లు. ఆడవాళ్లకు మొదటి క్లాసు కూడా చెప్తుంటాను. ఇంతమంది అన్నయ్యలు ఇనుము గురించీ స్ప్రింగ్ గురించీ మాట్లాడారు, పెన్నాతీరం గారి భార్య చేతి సైజు ఎంతో ఎవరూ అడగలేదు.

రివాల్వర్‌ని సుత్తి ముందే లాగకుండా ట్రిగ్గర్‌తోనే కాల్చడానికి, దాన్నే డబుల్ యాక్షన్ అంటారు, పది పన్నెండు పౌండ్ల బలం కావాలి, అంటే అయిదు కిలోలు. తుపాకీ బరువే కిలో. గ్లాక్ ట్రిగ్గర్ అయిదున్నర పౌండ్లు, రెండున్నర కిలోలు. చిన్న చేతులకు ఈ తేడా చాలా పెద్దది. మరోపక్క కొందరు పిస్టల్ స్లైడు లాగలేమంటారు. వాళ్లలో చాలామందికి బలం లేక కాదు, పద్ధతి తెలియక. రెండు వేళ్లతో జడ లాగినట్టు లాగకూడదు. ఎడమ అరచేయి స్లైడు మీద బోర్లించి, నాలుగు వేళ్లతో బిగించి, ఆ చేయి కదలకుండా ఉంచి కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టాలి. నా క్లాసులో అరవై ఏళ్ల అత్తగారొకావిడ మూడోసారికే చేసేశారు. అందుకని ముందు అద్దెకు తీసుకుని ఇద్దరూ కాల్చండి. ఆవిడకు ఏది కుదిరితే అదే మీ ఇంటి తుపాకీ.

తాళం గురించి బతిమాలుకుంటున్నా. ఆరేళ్ల పాప ఉంది. టెక్సస్ చట్టం కూడా పదిహేడేళ్ల లోపు పిల్లలకు నిండిన తుపాకీ అందేలా వదిలేస్తే నేరమే అంటుంది, అయితే నేను చట్టానికి భయపడి చెప్పట్లేదు. ఎమర్జెన్సీలో పిల్లల్ని తీసుకొచ్చిన నాన్నల ముఖాలు చూశాను. అందరూ ఒకటే అంటారు, పైఅరలో పెట్టాం, దానికి తెలియదనుకున్నాం అని. పిల్లలకు అన్నీ తెలుసు. నంబరు బటన్ల స్టీలు పెట్టె కొని గోడకో మంచానికో బోల్టు వేయించండి. వెయ్యిలో రెండొందలు దానికి పెట్టండి, తుపాకీ కొన్నరోజు కాదు, అంతకుముందే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు విజిటర్ వీసా మీద వస్తే వాళ్లకు ఆ నంబరు తెలియకూడదు. చట్టరీత్యా వాళ్ల చేతిలో తుపాకీ ఉండకూడదు.

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఈ దేశంలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయిన నెలలు, ఇంట్లో మనిషి పోయిన నెలలు ఎవరికైనా వస్తాయి. అలాంటి రోజుల్లో తుపాకీ మీ ఇంట్లో ఉండకూడదు. నమ్మకమైన స్నేహితుడి దగ్గరో, దాచిపెట్టే సదుపాయం ఉన్న షాపులోనో ఉంచండి. ఎక్కడ ఉంచాలో ఇప్పుడే, మనసు బాగున్నప్పుడే, ఇద్దరూ అనుకోండి.

రేంజ్ నుంచి వచ్చాక చల్లనీళ్లతో సబ్బు పెట్టి చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని అప్పుడు పాపని ఎత్తుకోండి. సీసం పొడి బట్టలకు అంటుకుని వస్తుంది.

పెన్నాతీరం

మల్లెపందిరి గారూ, మీ పోస్టు మా ఆవిడ పక్కన కూర్చుని రెండుసార్లు చదివింది. పెట్టె ఇప్పుడే ఆర్డర్ చేశాం. తుపాకీ ఎక్కడ దాచాలన్నది కూడా మాట్లాడుకున్నాం. శనివారం రేంజ్‌కెళ్తున్నాం.

ఉండవల్లి (విజయవాడ)

మన దగ్గర ఇంత చర్చే ఉండదండీ, చట్టమే ఎంచిపెడుతుంది. 9ఎంఎం, .38 మామూలు లైసెన్సుకు రావు, ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు జనానికి నిషేధించిన తూటా సైజు. ఎక్కువగా దొరికేది .32 రివాల్వర్, .32 పిస్టల్. మా నాన్నగారిది ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32. ఎన్నికలు రాగానే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం, అయిపోయాక తెచ్చుకోవడం. మొత్తం జీవితంలో ఆయన కాల్చింది వంద రౌండ్లు దాటి ఉండవు. అందుకని అరగడం అన్న ప్రశ్నే లేదు. చెడిందల్లా తోలు సంచి వల్ల. ఏళ్లతరబడి హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెట్టారు, తోలు చెమ్మ పీల్చి ఒకవైపు నీలం పూత కింద చుక్కలు చుక్కలుగా తుప్పు తినేసింది. తోలులో దాచొద్దని ఎవరూ చెప్పలేదు.

70 ఏళ్లు దాటాక వారసుడికి మార్చుకునే వీలు 2016 ఆర్మ్స్ రూల్స్‌లో ఉంది, నా పేరు మీదికి అలాగే దరఖాస్తు చేస్తున్నాం.

అమెరికాలో ఉన్నవాళ్లకొక విన్నపం. రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని ఎప్పుడూ ప్రయాణానికి వాడకండి. శంషాబాద్‌లో స్కానింగ్‌లో మూలన ఇరుక్కున్న ఒక్క తూటా దొరికినా ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు రాస్తారు. మీరు మరిచిపోయానంటే కుదరదు, విమానం వెళ్లిపోతుంది.

గోదారిగట్టు

ఉండవల్లి గారు చెప్పిన తోలు మాట బంగారం. హ్యూస్టన్ చెమ్మలో ఇక్కడా అంతే. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఆరు నెలలకొకసారి మార్చాలి. స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పడుతుంది, కాస్త ఆలస్యంగా.

పెన్నాతీరం

శనివారం వెళ్లొచ్చాం. వివరంగా రాస్తా, మీరందరూ అంత ఓపిగ్గా చెప్పారు కాబట్టి.

జీపీ100 నాలుగంగుళాలది, గ్లాక్ 19 రెండూ అద్దెకు తీసుకున్నాం. ఏడు గజాల దూరంలో భోజనం పేపరు ప్లేటు. ఒక్కో తుపాకీతో ఒక్కొక్కరం 30 రౌండ్లు. రివాల్వర్‌లో .38 మాత్రమే, సుత్తి లాగకుండా డబుల్ యాక్షన్‌లోనే.

నేను రివాల్వర్‌తో 24, గ్లాక్‌తో 27 ప్లేటులో వేశాను. మా ఆవిడ రివాల్వర్‌తో 17. నాలుగో రౌండుకే చూపుడువేలు వణకడం కనబడింది, ట్రిగ్గర్ చివరికొచ్చేసరికి గొట్టం కిందికి దిగిపోతోంది. ఆమె ఆపలేదు, ముప్పయ్యీ కాల్చింది. గ్లాక్ స్లైడు మొదటిసారి రాలేదు. మల్లెపందిరి గారు చెప్పినట్టు అరచేయి బోర్లించి నెట్టింది, వచ్చేసింది. 26 ప్లేటులో పడ్డాయి. చివరి పదికి పదీ పడ్డాయి.

నిజం చెప్పాలంటే నాకు రివాల్వరే నచ్చింది. ఆ బరువు, సిలిండర్ తాళం పడే చప్పుడు. కారులో ఎక్కాక ఆమె "నీకు అదే కావాలంటే నేను ఇంకా సాధన చేస్తాలే" అంది. 17, 26 రెండు ప్లేట్లూ వెనక సీట్లో ఉన్నాయి. గ్లాక్ 19 తీసుకున్నాం.

గోదారిగట్టు

సరైన పని చేశారండీ. నేను మొదట అడగాల్సింది అడగకుండా నా తుపాకీ గురించి రాశాను. హ్యూస్టన్ వైపు వస్తే మా ఇంటికి రండి, ఆ జీపీ100 మీకోసం రేంజ్‌కు తెస్తాను, ఎన్ని కాలుస్తారో కాల్చండి.

వరంగల్‌బిడ్డ

మస్తు సంబురమైంది అన్నా. వదినకు చెప్పు, చివరి పదికి పది అంటే మాటలు కాదు. ఆరు మ్యాగజైన్లు తీసుకో, సుబేదార్ సాబ్ చెప్పినట్టు నంబర్లు వెయ్యి.

సుబేదార్‌తాత

బాబూ, పుస్తకం మొదలుపెట్టావా?

పెన్నాతీరం

మొదలుపెట్టాను సుబేదార్ గారూ. పాప పాత నోటుబుక్కు, మొదటి పేజీ ఇలా రాశా:

తేదీ: ఆదివారం. కాల్చినవి: 150. మొత్తం: 150. ఆగినవి: 1. మ్యాగజైన్ నంబరు: 2. కారణం: 87వ రౌండు, మా ఆవిడ మణికట్టు సడలింది, స్లైడు పూర్తిగా వెనక్కి పోలేదు. మళ్లీ అదే మ్యాగజైన్‌తో 30 కాల్చాం, ఆగలేదు. శుభ్రం చేసింది: ఇద్దరం. స్ప్రింగ్ మార్చాల్సింది: 5,000 దగ్గర.

ఇంకేమైనా గడి కలపాలా?

సుబేదార్‌తాత

ఏ తూటా వాడారో, కంపెనీ, డబ్బా మీది లాట్ నంబరు, దానికొక గడి గీయి. మిగతాదంతా సరిగ్గా ఉంది.